గోడల మీది నంబరు

కట్టకిందిపల్లె, ఎల్లారెడ్డి మండలం
జనవరి

గ్లోరీ వదినకు ఎస్తేరు వందనాలు.

కోపం లేకుండా రాద్దామని రెండు కాగితాలు చించిన. ఇది మూడోది. ఇందులో కూడా కోపం కనబడితే చదివి పొయ్యిలో పెట్టు.

ఈ ఉత్తరం కామారెడ్డికి కూరగాయలు తెచ్చే యాదవ్వ గంపలో బీరకాయల కింద వస్తది. ఫోన్ల కాలంలో ఉత్తరాలేందని నవ్వకు. మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్న జేబులో ఉంటది. నీతో మాట్లాడాలన్నా ముందు అన్నతోనే మాట్లాడాలి, ఆయన "సూద్దాం తియ్" అన్నంక ఇంకో మాట రాదు. మా ఇంటాయన లక్ష్మణ్ ఫోను నాట్లప్పుడు బురదలో పడి పాడైంది, కాబట్టి మా ఇంట్లో అది కూడా లేదు.

సంగతి చెప్తా. బాపు పోయి ఏడాది కావస్తున్నది. అప్పటినుంచి మన బ్యాండుకు ఒక్క పెండ్లి రాలేదు. మనిషి పోయిన ఇల్లు, జనం వెనకాడుతున్నరేమోనని నాకు నేనే సర్ది చెప్పుకున్న. నిన్న ఎల్లారెడ్డి బస్టాండులో లింగంపేట ఆయన ఒకరు కలిసిండు. బిడ్డ పెండ్లి అయిపోయిందట. "మీ నంబరుకే జేసిన బిడ్డా. మేళం బందయింది, డీజే పెట్టుకోండ్రి అని జెప్పిండ్రు" అన్నడు. నేను నిలబడ్డ చోటనే ఉండిపోయిన. నా ముందునుంచే మా బస్సు పోయింది.

బందయిందని ఎవరు చెప్పిండ్రు వదినా?

బాపు ఊరూరు తిరిగి కల్వర్టుల మీద, ప్రహరీ గోడల మీద నీలిరంగుతో 'అబ్రాహాము బ్యాండు' అని రాసి, కింద నంబరు వేసిండు. చదువు రాని మనిషి. నేను వాకిట్లో పుల్లతో గీసి చూపిస్తే నేర్చుకున్న అక్షరాలు అవి. ఏడు అంకె ఎప్పుడూ వంకరే. నాగిరెడ్డిపేట నుంచి నిజాంసాగర్ దాకా పెండ్లి కుదిరితే జనం చూసేది ఆ గోడ దిక్కే.

మేళం బంద్ కాలేదు. పెద్ద డోలుకు లక్ష్మణ్ ఉన్నడు, తాళాలకు సాయిలు ఉన్నడు, సైడు డ్రమ్ము నేను కొడతా. బూర ఒక్కటే లేదు, అది అన్నతోని కామారెడ్డికి పోయింది. కాని లక్ష్మణ్ హైదరాబాదులో వాచ్‌మన్ పనికి మాట పెట్టిండు. ఈస్టరు దాకా చూస్తడట, ఆ లోపల ఒక్క పెండ్లన్నా రాకపోతే పోతడు. ఆయన పోతే మేళమూ ఉండదు, నా ఇంట్లో మనిషీ ఉండడు.

నాకు ఆ నంబరు కావాలి. బాపు ఫోను ఇంటికి పంపుమని అన్నకు చెప్పు.

నీ ఆడబిడ్డ,
ఎస్తేరు


కామారెడ్డి
జనవరి

ఎస్తేరుకు వదిన దీవెనలు.

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టలేదు. తంబాకు చాట కింద పెట్టిన, అక్కడ మీ అన్న చెయ్యి పెట్టడు.

మేము బాగున్నం. ఈ నెల కారఖానాలో ఇచ్చిన ఆకు బాగాలేదు, అంతా చిల్లులే. కత్తిరించేటప్పుడు సగం పోతున్నది, బీడీలు తక్కువైతే సేటు మొహం మాడ్చుకుంటడు. మీ అన్నకు పని ఎక్కువైంది. పొద్దున పోయి మాపటికి వస్తడు. ఏం పని అంటే బండి పని అంటడు. స్నానానికి పోయినా ఫోను వెంటనే ఉంటది. నేను ఏ పూట అడగాలి చెప్పు?

అయినా ఆ నంబరు కంపెనీ సిగ్నలు మీ పల్లెకు రానే రాదు కదా. మామ ఉన్నప్పుడు ప్రతి ఫోనుకూ చెరువు కట్ట ఎక్కేవాడు. ఆ మోకాళ్ళతో ఎక్కి దిగుతుంటే నువ్వే తిట్టేదానివి. ఫోను పంపితే నువ్వేం చేస్తవు, బియ్యం డబ్బా మీద పెట్టి ప్రార్థన చేస్తవా?

లింగంపేట ఆయన సరిగ్గా విన్నడో లేదో. ఆ సంగతి వదిలెయ్యి. లక్ష్మణన్నకు నెల జీతం పని దొరికితే మంచిదే కదా. కొన్నాళ్ళకు నువ్వు కూడా పోవచ్చు.

ఆ నంబరు గురించి ఇంక అడగకు. నా మాట విను.

గ్లోరీ


కట్టకిందిపల్లె
ఫిబ్రవరి

గ్లోరీ వదినకు,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివిన. ఆకు చిల్లుల గురించి అంత రాసినవు. లింగంపేట ఆయన తప్పు విన్నడేమోనని రాసినవు. అన్న ఆ మాట అనలేదని మాత్రం రాయలేదు. నీకు అబద్ధం చెప్పడం రాదు వదినా, తప్పించుకోవడం కూడా రాదు.

మాఘం పెండ్లిళ్ళన్నీ మా ముందునుంచే పోయినయి. పక్క ఊళ్ళో డీజే మోగుతుంటే లక్ష్మణ్ తలుపు వేసుకుని పడుకున్నడు. ఆ పొద్దే నేను గట్టిగా అనుకున్న.

ఎల్లారెడ్డిలో ఆ కంపెనీ దుకాణానికి పోయి, మన సిమ్ము ఎవరి పేరు మీద ఉన్నదో చూడమన్న. నా పేరు మీద ఉన్నది! నేనే మరిచిపోయిన. బాపు సిమ్ము తీసుకున్న రోజు నేను పక్కనే ఉన్న. చిన్నప్పటినుంచి డప్పు కొట్టి కొట్టి ఆయన వేళ్ళ గీతలు అరిగిపోయినయి. మిషను మీద ఏ వేలు పెట్టినా ఎర్ర లైటే. వెనక నిలబడ్డోళ్ళు సణుగుతుంటే దుకాణపాయన విసిగిపోయి "నీ బిడ్డ వేలు పెట్టియ్యి పెద్దమనిషీ" అన్నడు. పెట్టిన. బాపు నవ్వుకుంట "నంబరు నాది, ఏలు నీది" అన్నడు. ఆ మాట ఇన్నేండ్లు నాకు ముచ్చటగానే ఉండె, ఇప్పుడు అక్కరకొచ్చింది.

నా వేలు పెడితే అదే నంబరుతో కొత్త సిమ్ము ఇస్తరట. ఇచ్చిన వెంటనే అన్న ఫోనులో ఉన్నది పనిచేయదు. తర్వాత నంబరు మారకుండానే వేరే కంపెనీకి పోవచ్చు. మా పల్లెలో సాయిలు వాడే రెండో కంపెనీ సిగ్నలు పొయ్యి దగ్గర కూడా వస్తది, ఆయన ఫోనులో చూసిన. అంటే గోడల మీద బాపు రాసింది రాసినట్టే ఉంటది. ఫోను ఎత్తేది మాత్రం నేను.

ఇప్పుడు నాకొక ఫోను కావాలి. ఇక్కడ ఉన్నవి నచ్చలేదు. నువ్వు కామారెడ్డిలో చూసి కొను. పైసలు యాదవ్వ కొంగుకు ముడేసి పంపుతున్న. బొత్తాల ఫోను చాలు. చప్పుడు మాత్రం గట్టిగా ఉండాలి, పక్కన డోలు మోగుతున్నా వినబడాలి.

అన్నకు చెప్తే చెప్పు, దాచమని నేను అడగను. నువ్వు కొనకపోతే నేనే వచ్చి కొనుక్కుంటా. కాని ఆ రోజు మీ గల్లీ దిక్కు కూడా చూడకుండా తిరుగు బస్సెక్కుతా.

ఎస్తేరు


కామారెడ్డి
ఫిబ్రవరి

ఎస్తేరుకు,

మా గల్లీ దిక్కు చూడకుండా బస్సెక్కుతవా? ఎక్కు చూద్దాం. బస్టాండుకు వచ్చి జుట్టు పట్టుకుని ఇంటికి తీసుకొస్తా.

ఉన్నది రాస్తున్న. మీ అన్న మహేందర్ డీజే బండి మీద పని చేస్తున్నడు. ఆ నంబరుకు వచ్చే ప్రతి పెండ్లీ మహేందర్‌కు పోతది. "మేళం బందయింది" అనే మాట నా చెవులతో విన్న, ఒక్కసారి కాదు. ఫోను ఎత్తంగనే అవతలివాళ్ళు ఏదో అడుగుతరు. ఈయన మొహం నల్లబడుతది. ఆ మాట అనేసి పెట్టేస్తడు, ఆ పూట అన్నం సరిగ్గా తినడు. వాళ్ళు ఏం అడుగుతరో నాకు తెలియదు.

నీకు ముందే ఎందుకు రాయలేదంటే, మా పొయ్యి వెలిగేది ఆ బండితోనే. నా బీడీలు ఉప్పుకూ కారానికే సరి. నీ మేళం లేస్తే మా ఇల్లు ఏమైతదోనని భయపడ్డ. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు అన్నం అడుగంటింది.

అయినా ఫోను కొన్న. దుకాణపాయన లోపల మోగించి చూపిస్తుంటే నేను బయట రోడ్డు మీద నిలబడి, లారీ వచ్చినప్పుడు మోగించుమన్న. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. లారీ చప్పుడులో కూడా వినబడింది ఒక్కటే ఫోను, అదే తీసుకున్న. ఇంకో సంతోషం. మన నంబరు ఏ కంపెనీదో ఈ ఫోను కూడా ఆ కంపెనీదే! డబ్బా మీద వాళ్ళ గుర్తు పెద్దగా ఉన్నది. దుకాణపాయన "అమ్మా, గిది ఆళ్ళ సిమ్ముకే" అని ఏదో చెప్పబోయిండు. "మాకు గావల్సింది గదే" అన్న. ఇంటి పిల్లకు మేనబావ దొరికినట్టు ఎంత బాగ కుదిరిందో.

గుడ్డలో చుట్టి యాదవ్వ ఖాళీ గంపలో పెట్టిన. "ఏందే గిది, బంగారమా?" అన్నది. "అంతకన్న ఎక్కువనే" అన్న.

మీ అన్నకు చెప్పలేదు. నువ్వు వేలు పెట్టిన రోజు ఆయనకే తెలుస్తది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉంటా.

గ్లోరీ


కట్టకిందిపల్లె
మార్చి

గ్లోరీ వదినకు వందనాలు.

వేలు పెట్టిన. మొదటిసారికే పచ్చ లైటు వెలిగింది. దుకాణంలో అమ్మాయి నా చేతిలో సిమ్ము పెట్టింది, గోరంత ఉన్నది. దీని కోసమా ఇంత అనిపించింది.

వెంటనే కంపెనీ మారనియ్యరట. కొత్త సిమ్ము తీసుకున్నోళ్ళు వారం ఆగాలట. దొంగలు ఎవరి నంబరన్నా ఎత్తుకపోకుండా ఈ కట్టుబాటు పెట్టిండ్రని చెప్పింది. నేను తల దించుకుని సిమ్ము కొంగుకు ముడేసుకున్న.

అందుకని ఈ వారం చెరువు కట్టే నా ఇల్లు. పొద్దున సద్ది కట్టుకుని, డ్రమ్ము భుజానికేసుకుని ఎక్కుతున్న. ఫోను రాకపోతే డ్రమ్ము సాధన చేస్తున్న. గొర్లు కాసే భూదవ్వ వచ్చి "నీకేం పుట్టిందే, గొర్లు బెదురుతున్నయ్" అని తిట్టిపోయింది. నువ్వు కొన్న ఫోను చప్పుడు మాత్రం మెచ్చుకోవాలి. నిన్న మొదటిసారి మోగంగనే చెరువులో కొంగలన్నీ లేచినయి. ఎవరో కొత్త మనిషి. గాలికి మాట సరిగ్గా వినబడలేదు, పెట్టేసిన.

మాపటికి నేను ఇంటికి వస్తే లక్ష్మణ్ "అచ్చిందా?" అని ఒక్క మాట అడుగుతడు. రాలేదంటే పోయి పడుకుంటడు.

అన్న ఏమన్నడు? ఉన్నది ఉన్నట్టు రాయి. నేను తప్పు చేసిన అనుకుంటలేను. కాని ఆ రోజు దుకాణంలోనుంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చిన. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందట కూర్చోబెట్టుకుని పెండ్లిళ్ళకు తీసుకపోయిన అన్న జేబులోనుంచి నంబరు గుంజుకున్న. నువ్వు నీ భయం రాసినవు, అందుకే నేను ఇది రాస్తున్న.

ఎస్తేరు


కామారెడ్డి
మార్చి

ఎస్తేరుకు,

ఉన్నది ఉన్నట్టే రాస్తున్న.

మీ అన్న ఎవరితోనో మాట్లాడుతుంటే మధ్యలో ఫోను ఆగిపోయిందట. రీచార్జి అయిపోయిందనుకుని దుకాణానికి పోతే, "నంబరు నీ పేరు మీద లేదు, ఎస్తేరు అనే ఆమె వేరే సిమ్ము తీసుకున్నది" అన్నరట. నలుగురి ముందు. ఇంటికి వచ్చి ఫోను మంచం మీద విసిరి "నా చెల్లె నన్ను దొంగను జేసింది" అన్నడు. నేను బీడీలు చుట్టడం ఆపి, "దానికి ఫోను కొనిచ్చింది నేనే" అని చెప్పేసిన.

కొడతడేమో అనుకున్న. కొట్టలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నడు. ఏమన్నడో ఆయన మాటల్లోనే రాస్తున్న.

"ఫోను ఎత్తంగనే అందరు ఒక్కటే అడుగుతరు గ్లోరీ, 'అబ్రాహాం ఉన్నడా?' అని. ఎవ్వనికి తెల్వది బాపు పోయిండని. లేడు అని జెప్పాలె. ఎట్ల పోయిండంటరు, మల్ల అదంత జెప్పాలె. పూటకోసారి బాపును నా నోటితోని సంపుడు నాతోని కాలే. మేళం బందయిందంటే ఇంకేం అడగరు, పెట్టేస్తరు. గందుకే అన్న. మహేందర్ సంగతి తర్వాత్తర్వాత మొదలైంది." అని, ఆఖరికి "ఇగ ఎస్తేరు ఎత్తుతది గదా, ఎన్ని దినాలు జెప్తదో సూస్త" అన్నడు.

ఎస్తేరూ, పెండ్లయినప్పటినుంచి ఆ మనిషి ఏడవడం నేను చూడలేదు, మామ పోయిన రోజు కూడా. మొన్న చూసిన.

ఆయన చేసింది ఒప్పని నేను అనను. మన మేళం ఇండ్లల్లో ఎనిమిది మంది నోటి కాడి కూడు అది. కాని నీకు తెలియాలని రాసిన.

గ్లోరీ


కట్టకిందిపల్లె
మార్చి

గ్లోరీ వదినకు,

ముందు ఒక సంగతి చెప్పాలి. కట్ట మీద వచ్చిన ఫోను గాలికి వినబడలేదని రాసిన. వినబడింది. "అబ్రాహాం ఉన్నడా?" అన్నరు. బాపు అక్కడే కట్ట మీద నిలబడి చెవికి ఫోను పెట్టుకుని "ఆ, జెప్పుండ్రి" అని అరిచేవాడు కదా, అదే జాగాలో నిలబడి ఉన్న నేను. పెట్టేసిన. నీ ఉత్తరం చదివినంక అన్న మీది కోపం సగం పోయింది. సగం ఉన్నది, అది అన్న ముందరే తీర్చుకుంటా.

ఇప్పుడు నీ మేనబావ సంగతి విను. వారం గడిచినంక కంపెనీ మార్చుమని మెసేజి పెట్టిన, వాళ్ళిచ్చిన అంకెలు పట్టుకుపోయి రెండో కంపెనీ సిమ్ము తెచ్చుకున్న. ఒకనాడు పొద్దున పాత సిమ్ము ఆగిపోయింది, కొత్తది మొదలయ్యే వేళ అయింది. నేనూ లక్ష్మణూ సాయిలూ ఫోను చుట్టూ కూర్చుని కొత్త సిమ్ము వేసినం. తెర మీద 'ఈ సిమ్ము చెల్లదు' అని వచ్చింది. తీసి తుడిచి పెట్టినం. చెల్లదు. సాయిలు ఊది పెట్టిండు. చెల్లదు.

ఎల్లారెడ్డికి ఉరికి అడిగితే అక్కడి ఆయన నవ్విండు. ఆ ఫోను ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకేదీ తీసుకోదట, తాళం వేసి అమ్ముతరట. దుకాణపాయన నీకు చెప్పబోయింది అదే! మేనబావ అని మురిసినవు కదా, వాడు బయటి సంబంధం ముఖమే చూడనంటున్నడు. మొదట నీ మీద మండిపోయింది. బస్సులో వచ్చేటప్పుడు మాత్రం, నువ్వు రోడ్డు మీద లారీ కోసం నిలబడ్డది యాదికొచ్చి ఒక్కదాన్నే నవ్విన.

నవ్వేంత తీరిక లేదు వదినా. నంబరు ఇప్పుడు నా చేతిలో ఉన్నది, మోగడానికి ఫోను లేదు. సాయిలు తన ఫోను ఇస్తానన్నడు గాని ఆయన మేస్త్రీ ఆ ఫోనుకే పనికి పిలుస్తడు, వద్దన్న. లక్ష్మణ్ సంచి సర్దిండు. ఈస్టరు ఆరాధన అయినంక పోతా అంటున్నడు.

ఈ ఫోను తిరిగి పంపుతున్న. ఏ కంపెనీ సిమ్ము అయినా తీసుకునేది పంపు. ఈసారి దుకాణపాయన మాట చివరి దాకా విను.

ఎస్తేరు


కామారెడ్డి
మార్చి

ఎస్తేరుకు,

నవ్వు, నవ్వు. నా చేతికి చిక్కనప్పుడే నవ్వుకో.

దుకాణపాయన డబ్బా విప్పింది తిరిగి తీసుకోనన్నడు. నేను కూర్చున్న చోటినుంచి లేవలేదు. ఆఖరికి నేనే వేరే దారి చూసుకున్న. ఈ తాళం ఫోను నేనే ఉంచుకుంటున్న. ఆ కంపెనీ సిగ్నలు కామారెడ్డిలో మా వంటింట్లో కూడా బాగ వస్తది. నీకు వేరే ఫోను తీసుకున్న, నా బీడీల పైసలతో. వద్దనకు. ఆయన చేతనే మూడు కంపెనీల సిమ్ములు వేయించి, మూడింటినుంచీ మోగించి చూసిన. లారీ పరీక్ష కూడా పెట్టిన. ఇప్పుడు ఆ గల్లీలో నన్ను చూస్తేనే దుకాణాలోళ్ళు లోపలికి పోతున్నరు.

నా పేరు మీద సిమ్ము తీసుకోవాలి కదా. వేలు పెట్టమన్నరు. బొటనవేలు పడలేదు, చూపుడు వేలు పడలేదు. ఆకు చుట్టీ చుట్టీ అన్నీ నున్నగైనయి. మామ యాదికొచ్చిండు. "ఇంట్ల ఇంకెవల్లన్న ఉంటె తీస్కరాండ్రి" అన్నడు. మీ అన్న ఉన్నడు, పిలిస్తే ఏమనేవాడో. కాని ఎందుకో పిలవబుద్ధి కాలేదు. ఎడమ చేతి చిటికెన వేలు పెట్టి చూసిన. అది ఆకు పట్టదు కదా, దాని గీతలు అట్లనే ఉన్నయి. పచ్చ లైటు వచ్చింది! ఇన్నేండ్లలో నా పేరు మీద ఒకటి ఉన్నదంటే ఇదే. నంబరు ఇందులో రాయను. నేనే నీకు చేస్తా, అప్పుడు చూసుకో.

మీ అన్న తనకు వేరే నంబరు తెచ్చుకున్నడు. బండికి పోతున్నడు, వస్తున్నడు. నీ ఫోను డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసిండు. "ఏమని జెప్తున్నదట? బాపును అడిగితే?" అన్నడు. ఇంకా చెప్పలేదని అన్న. డబ్బా నా చేతికిచ్చి బండికి పోయిండు.

యాదవ్వకు ఈ పొద్దే ఇచ్చి పంపుతున్న. ఈస్టరు లోపల మోగాలి అది.

గ్లోరీ


కట్టకిందిపల్లె
ఏప్రిల్, ఈస్టరు ముందటి శనివారం

గ్లోరీ వదినకు వందనాలు.

మోగింది!

సిమ్ము వేయంగనే గీతలు నిండుగా వచ్చినయి. కట్ట ఎక్కే పని లేదు, పొయ్యి పక్కన గూట్లో పెట్టిన. రెండు రోజులు ఏమీ రాలేదు. గోడల మీద రంగు వెలిసిపోయిందా, జనం మరిచిపోయిండ్రా అని ఒకటే గుబులు. మూడో రోజు రొట్టె కాలుస్తుంటే మోగింది. లక్ష్మణ్ వాకిట్లో ఉన్నడు. లేచి రాలేదు గాని అక్కడినుంచే నా మొహం చూస్తున్నడు.

ఆడమనిషి గొంతు. "అబ్రాహాం ఉన్నడా?"

ఈసారి పెట్టేయలేదు వదినా. రొట్టె మాడిపోయింది గాని పెట్టేయలేదు. "లేడమ్మా. పోయి ఏడాదైంది. నేను ఆయన బిడ్డను. మేళం ఉన్నది. ఏ ఊరు మీది?" అన్న. ఆమె అయ్యో అన్నది. తన పెండ్లికి బాపే వాయించిండట, ఇప్పుడు కొడుకు పెండ్లట, ఆ నంబరు వాళ్ళ ఇంటి ఎదురు గోడ మీదనే ఉన్నదట. బాపు గురించి ఆమె ఎన్ని సంగతులు చెప్పిందో. నేను బాపును చంపుతున్న అనుకున్న, ఆమె నాకు తెలియని బాపును చూపించింది. అన్నకు ఈ ముక్క చదివి వినిపించు. వాళ్ళు బాపును అడిగేది బాధపెట్టాలని కాదు, ఇష్టం ఉండి అడుగుతరు.

నిజాంసాగర్‌లో పెండ్లి. ఒప్పుకున్న. లక్ష్మణ్ సంచిలోనుంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసిండు. డోలు తెచ్చి ఎండలో పెట్టిండు.

నిన్న మధ్యాహ్నం ఇంకో కొత్త నంబరునుంచి ఫోను వచ్చింది. ఎత్తిన. అవతల ఊపిరి ఒక్కటే వినబడుతున్నది. ఎవరో ఆడుకుంటున్నరని పెట్టేయబోతుంటే, గొంతు మార్చి, బరువుగా, "అబ్రాహాం ఉన్నడా?" అన్నడు. గొంతు మార్చితే నాకు తెలియదా? సైకిలు మీద నా వెనక కూర్చుని పాడిన గొంతు అది. నాకు ఏడుపొచ్చింది. అయినా వచ్చినోళ్ళందరికీ చెప్పినట్టే చెప్పిన. "బాపు లేడు. మేళం ఉన్నది. బూర ఊదెటోడే లేడు. నిజాంసాగర్ పెండ్లి ఒప్పుకున్న, బూర లేకుంటె నలుగురిల నా ఇజ్జత్ పోతది" అన్న.

పెట్టేసిండు.

అది నీ చిటికెన వేలు నంబరే కదా వదినా? ఆయన ఏమన్నడో నాకు రాయి. రాకపోయినా నేను పెండ్లికి పోతా, డోలూ డ్రమ్మూ తాళాలతోనే పోతా. కాని వస్తే బాగుండు.

ఎస్తేరు


కామారెడ్డి
ఏప్రిల్, ఈస్టరు తెల్లారి

ఎస్తేరుకు,

నా నంబరే. నీకు మొదట నేనే చేయాలని బొత్తాలు నొక్కుతుంటే మీ అన్న చెయ్యి చాపిండు. ఇచ్చిన. నువ్వు చెప్పిందంతా నాకు కూడా వినబడింది, ఆ ఫోను చప్పుడు అట్లాంటిది కదా.

పెట్టేసి బయటికి పోయిండు. మహేందర్ దగ్గరికి పోయి, ఈ పెండ్లిళ్ళ రోజులు అయ్యేదాకా బండికి రానని చెప్పి వచ్చిండు. తర్వాత ఎట్లనో నాకు తెలియదు, భయం ఉన్నది, ఉండనీ. అటక మీదినుంచి బూర దించి చింతపండుతో తోమిండు. ఏడాది ఊదని మనిషి. మొదట ఊదితే దూడ అరిచినట్టు వచ్చింది, గల్లీలో బీడీలు చుట్టే ఆడోళ్ళంతా నవ్విండ్రు. నిన్న ఆరాధన అయినంక మళ్ళీ ఊదిండు. అప్పుడు ఎవరూ నవ్వలేదు, అందరి చేతుల్లో ఆకు ఆగింది. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించిన. ఇంకోసారి చదవమన్నడు.

ఇద్దరికీ ఫోన్లు వచ్చినయి, ఇంక నా గంపకు బరువు తప్పిందని యాదవ్వ సంబరపడుతున్నది. అయినా ఈ ఒక్క ఉత్తరం రాయాలనిపించింది. ఇది గంపలో రాదు, బూర పట్టుకుని బస్సు దిగే మనిషి చేతికే ఇచ్చి పంపుతున్న. సగం కోపం ఆయన ముందరే తీర్చుకుంటా అన్నవు కదా. తీర్చుకో. కాని పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కుతున్నడు, ముందు అన్నం పెట్టు, తర్వాత తిట్టు.

గ్లోరీ